సీడీ తిరుగుతోంది, పాట రావట్లేదు: లైనక్స్‌లో ఎవరికి ఏ దారి

మా మావయ్యది పాలకొల్లు పక్కన పల్లెటూరు. వయసులో ఉండగా పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టి పద్యాలు పాడేవారు. ఇరవయ్యేళ్ల కిందట ఎవరో అభిమాని ఆ పద్యాలు రికార్డు చేయించి సీడీలు కొట్టించి ఇచ్చారు. ఈ వేసవిలో కాలువలు కట్టేశాక, చేలో పని లేక, అటక మీంచి ఆ రేకు డబ్బా దింపారు. మొత్తం పదకొండు సీడీలు. భీమవరంలో ఇంజనీరింగ్ చదివే మనవడి పాత కంప్యూటర్‌లో డెబియన్ అనే రకం లైనక్స్ ఉంది. సీడీ పెడితే గిర్రున తిరిగింది గానీ తెర మీద ఏమీ రాలేదు. మనవడు కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ తెరిచి, డిస్క్‌లోని ఫైళ్లు కనబడేలా చేసే మౌంట్ కమాండ్ కొట్టాడు. ఫైల్ సిస్టమ్ రకం తప్పు, సూపర్‌బ్లాక్ బాగాలేదు అని అర్థం వచ్చే ఇంగ్లీషు లైను ఒకటి వచ్చింది. ఇంకేముంది, సీడీలు పోయాయని ఇల్లంతా తేల్చేసుకున్నారు.

"బూజు పట్టి పోయాయిరా. కొత్త డ్రైవ్ కొంటే ఆడతాయంటావా?" అని ఫోన్.

"ఏమీ కొనకండి మావయ్యా. ఆదివారం నేనొస్తున్నా కదా. అప్పటిదాకా వాటిని తుడవకండి కూడా."

ఆయన అప్పటికే పంచె చెరగుతో తుడిచేశారు.

సీడీలు పోలేదు, డ్రైవ్ కూడా బాగానే ఉంది. లైనక్స్‌లో సీడీ ఆడట్లేదని నా దగ్గరికి వచ్చిన వాటిలో ఎక్కువ భాగం ఇదే బాపతు. డిస్క్ ఏ రకమో చూసుకోకుండా డ్రైవ్ మీద పడతారు. కాబట్టి ఏ ప్రోగ్రామ్ మంచిది, ఏ డ్రైవ్ కొనాలి అన్న ప్రశ్నల కంటే ముందు చేతిలో ఉన్నది ఏ డిస్కో తేల్చుకోవాలి. ఇంకో మాట: కింద కమాండ్ల పేర్లు తెలుగులో పలికినట్టు రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి.

ఆడియో సీడీలో ఫైళ్లు ఉండవు

ఫిలిప్స్, సోనీ కంపెనీలు 1980లో ఆడియో సీడీ ప్రమాణాన్ని ఖరారు చేసినప్పుడు కంప్యూటర్ సంగతి వాళ్ల లెక్కలో లేదు. రికార్డు ప్లేయర్‌కి బదులుగా చేశారు దాన్ని. సెకనుకు 44,100 సార్లు కొలిచిన శబ్దం లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా ఒకే చుట్టలా పరుచుకుని ఉంటుంది. ఒక్కో సెకను 75 ముక్కలు, ఒక్కో ముక్కలో 2,352 బైట్లు. ముందు భాగంలో ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే చిన్న పట్టిక ఉంటుంది, అంతే. ఫోల్డర్ లేదు, ఫైలు పేరు లేదు. అందుకే మౌంట్ చేయమంటే లైనక్స్ చేతులెత్తేస్తుంది. లేని తలుపు తియ్యమంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

విండోస్‌లో పెడితే ట్రాక్01 డాట్ సీడీఏ లాంటి పేర్లు కనబడతాయి కదా అంటారు. అవి పాటలు కావు, ఒక్కోటీ 44 బైట్ల చిరునామా చీటీ. మా పెద్దమ్మ కొడుకు ఓసారి పద్దెనిమిది చీటీలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, కారులో అంతర్వేది తీర్థానికి బయలుదేరాడు. దారి పొడవునా స్టీరియోని తిట్టుకున్నాడు.

మన ఇళ్లలో దొరికే మిగతా డిస్కులు వేరు. ఎంపీ3 సీడీ మామూలు డేటా డిస్క్. లోపల నూరు, నూట యాభై పాటలు ఫైళ్లుగా ఉంటాయి, తెరిస్తే తెరుచుకుంటాయి, కాపీ చేస్తే సరిపోతుంది. వీసీడీలు 2000ల నాటి పెళ్లిళ్లవి. వాటి గొడవ వేరే ఉంది, కిందికి వస్తాను. డీవీడీలో వీడియో టీఎస్ అనే ఫోల్డర్ కనబడితే అది వీడియో డీవీడీ. స్టూడియోవాళ్లు కొట్టిచ్చిన పెళ్లి డీవీడీకి తాళం ఉండదు కాబట్టి వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో నేరుగా ఆడుతుంది. షాపులో కొన్న సినిమా డీవీడీకైతే లిబ్‌డీవీడీసీఎస్ఎస్ అనే లైబ్రరీ కూడా వేసుకోవాలి.

రకం తెలియకపోతే టెర్మినల్‌లో సీడీ-ఇన్ఫో అని కొట్టండి. అది లిబ్‌సీడీఐవో ప్యాకేజీలతో వస్తుంది. డిస్క్‌లో ఏముందో, ఎన్ని ట్రాకులో, అవి ఆడియోనో డేటానో విప్పి చెబుతుంది. ఒక్క నిమిషం పని. మావయ్య మొదటి సీడీకి తొమ్మిది ట్రాకులు, అన్నీ ఆడియో అని చెప్పింది. డ్రైవ్ మీద అనుమానం అక్కడితో తీరిపోయింది.

డ్రైవే కనబడకపోతే

ఎల్‌ఎస్‌బీఎల్‌కే అని కొడితే డిస్కుల జాబితా వస్తుంది. అందులో ఎస్ఆర్0 ఉంటే లైనక్స్ డ్రైవ్‌ని చూస్తోందన్నమాట. పాత పుస్తకాల్లో హెచ్‌డీసీ అని ఉంటుంది, అది రిబ్బన్ కేబుళ్ల కాలం నాటి పేరు. అలాంటి సలహా కనబడితే పక్కన పెట్టేయండి.

ఎస్ఆర్0 లేకపోతే కేబుల్ చూడాలి. లోపలి డ్రైవ్‌కి సాటా కేబుల్ ఊడి ఉంటుంది, లేదా పవర్ వైరు పెట్టి ఉండదు. యూఎస్‌బీ డ్రైవ్ అయితే నా మొదటి అనుమానం ఎప్పుడూ కరెంటు మీదే. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్కప్రకారం ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు. డిస్క్ తిరగడం మొదలయ్యే క్షణంలో డ్రైవ్ అంతకంటే ఎక్కువ లాగవచ్చు. అప్పుడు టక్ టక్ మని ఆగిపోతుంది, డీమెసేజ్ (dmesg, లైనక్స్ లోపలి సందేశాలు చూపే కమాండ్)లో యూఎస్‌బీ తెగిపోయి మళ్లీ తగిలినట్టు లైన్లు వరసగా పడతాయి. హబ్ తీసేసి కంప్యూటర్ వెనక పోర్టుకి పెట్టండి. రెండు మూతులున్న కేబుల్ ఇస్తే రెండూ పెట్టండి. రెండోది ఎందుకులే అని సొరుగులో పడేసేవాళ్లే ఎక్కువ.

డ్రైవ్ కనబడుతోంది గానీ అనుమతి లేదంటోందా? డెబియన్, ఉబుంటు, మింట్‌లలో సీడీరామ్ అనే గ్రూపులో, ఆర్చ్‌లో ఆప్టికల్ అనే గ్రూపులో మీ పేరు ఉండాలి. యూజర్‌మాడ్ కమాండ్‌తో చేర్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. ఈ రెండో సంగతి మర్చిపోయి, చేర్చినా పనిచెయ్యలేదని అరగంట తల బాదుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ అయినవాళ్లకి ఈ అనుమతి చాలా వరకు దానంతటదే వస్తుంది, ఎక్కడో ఉండి ఎస్ఎస్‌హెచ్‌లో వచ్చినప్పుడే ఇబ్బంది. ప్రతిదానికీ ముందు సుడో పెట్టి, అంటే రూట్ అనే సర్వాధికారి పేరున కమాండ్ నడిపి, నెట్టుకురావడం మాత్రం వద్దు. తర్వాత పాటల ఫైళ్లన్నీ రూట్ పేరున పడతాయి, వాటి పేరు మార్చాలన్నా పాస్‌వర్డే.

ఒక్క ప్రోగ్రామ్‌కే డ్రైవ్ కనబడక, మిగతావాటికి కనబడుతుంటే, అది స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అనే విడి పెట్టెల రూపంలో వచ్చిందేమో చూడండి. వాటికి బయటి పరికరాల అనుమతి విడిగా ఉంటుంది. నేనైతే అనుమతులతో కుస్తీ పట్టను. దాన్ని తీసేసి డిస్ట్రో (డెబియన్, ఉబుంటు లాంటి లైనక్స్ రకం) సొంత ప్యాకేజీ వేసుకుంటాను.

డెబియన్‌ని డీవీడీ నుంచి ఎక్కించినవాళ్లకి ఇంకో తమాషా. ఏ సాఫ్ట్‌వేర్ వేద్దామన్నా "ఫలానా డిస్క్ పెట్టండి" అంటూ కూర్చుంటుంది. అది డ్రైవ్ జబ్బు కాదు. సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి తేవాలో రాసి ఉండే ఏపీటీ సోర్సెస్ ఫైల్లో డెబ్ సీడీరామ్ అని మొదలయ్యే లైను మిగిలిపోయింది, దాని ముందు హ్యాష్ గుర్తు పెడితే పోతుంది.

ఏ డ్రైవ్

ఇంట్లో నాలుగైదు డిస్కులే ఉంటే కొనకండి. పాత ల్యాప్‌టాప్ ఏదో ఒక బంధువుల ఇంట్లో ఉంటుంది, ఓ పూట అడిగి తెచ్చుకోండి. ఇరవై ముప్పై ఉంటే పల్చటి యూఎస్‌బీ డ్రైవ్ చాలు. అంతకు మించితే, గీతలు పడ్డవి ఉంటే, నా ఓటు డెస్క్‌టాప్‌లో ఉండే పెద్ద డీవీడీ రైటర్‌కే. రాజమండ్రి, భీమవరం లాంటి చోట్ల పాత కంప్యూటర్లు అమ్మేవాళ్ల దగ్గర ఇవి అడిగేవాళ్లు లేక గుట్టగా పడి ఉంటాయి. బరువుగా, కదలకుండా ఉంటుంది, గంటల తరబడి పనిచేసినా ఊగదు. ల్యాప్‌టాప్‌కి తగిలించాలంటే మాత్రం విడిగా అడాప్టర్ ఉన్న సాటా-యూఎస్‌బీ కేబుల్ కావాలి. పెద్ద డ్రైవ్‌కి 12 వోల్టులు కూడా అవసరం, యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులే. మామూలు హార్డ్‌డిస్క్ కేబుల్ తెచ్చి, ట్రే కూడా బయటికి రావట్లేదని షాపువాడి మీద పడితే ఏం లాభం?

వీలైతే రెండు వేర్వేరు డ్రైవ్‌లు దగ్గర పెట్టుకోండి. ఒకటి చదవలేని డిస్క్‌ని ఇంకొకటి చదివేయడం మామూలే. ఏ సాఫ్ట్‌వేర్ మార్పూ దీని ముందు నిలవదు.

వినడానికి ఒకటి, దాచుకోవడానికి ఒకటి

ఒక్కసారి వింటే చాలనుకుంటే వీఎల్‌సీ. మీడియా మెనూలో ఓపెన్ డిస్క్, అందులో ఆడియో సీడీ, ప్లే. డ్రైవ్ పేరు అడిగితే స్లాష్ డెవ్ స్లాష్ ఎస్ఆర్0.

ఇక్కడ పాతవాళ్లు పడే బోల్తా ఒకటుంది. కొన్ని పాత సీడీ ప్లేయర్ ప్రోగ్రాములు డ్రైవ్‌ని "నువ్వే పాడు" అని ఆజ్ఞాపించి ఊరుకునేవి. డ్రైవ్ వెనక నుంచి సౌండ్ కార్డుకి సన్నటి నాలుగు పిన్నుల వైరు ఉండేది, శబ్దం అందులోంచి వచ్చేది. ఇప్పటి మెషీన్లలో ఆ వైరు లేదు. ప్రోగ్రామ్‌లో సమయం కదులుతుంది, సీడీ తిరుగుతుంది, స్పీకర్లో మాత్రం నిశ్శబ్దం. వాల్యూమ్ ఎంత పెంచినా లాభం లేదు. ప్లేయర్ మార్చడమే మందు.

గ్నోమ్ ఫైల్ మేనేజర్ ఆడియో సీడీని ట్రాకుల జాబితాగా చూపిస్తుంది. కేడీఈ వాళ్ల డాల్ఫిన్ ఇంకో అడుగు ముందుకేసింది. దానికి సంబంధించిన చిన్న ప్యాకేజీ వేసుకుంటే ఆడియో సీడీలో ఫ్లాక్ (నష్టం లేకుండా కుదించే ఫైలు రకం), ఎంపీ3 అంటూ ఫోల్డర్లు ఉన్నట్టే చూపిస్తుంది. అవి నిజంగా డిస్క్‌లో ఉండవు. మీరు కాపీ చేసినప్పుడు అప్పటికప్పుడు మార్చి ఇస్తుంది. మావయ్యలాంటివాళ్లకి నేర్పడానికి ఇంతకన్నా సులువైనది నాకు కనబడలేదు. కాకపోతే గీతలున్న సీడీ దగ్గర ఏం జరుగుతోందో చెప్పదు. మంచి సీడీలకే వాడండి.

దాచుకోవడానికైతే సంగతి వేరు. లైనక్స్‌లో ఈ పని చేసే ప్రోగ్రాములు చాలావాటి అడుగున సీడీపారనోయా గానీ దాని వారసత్వంగా వచ్చిన లైబ్రరీ గానీ ఉంటుంది. డేటా సీడీలో ప్రతి ముక్కలోనూ 2,048 బైట్లే సరుకు, మిగతా చోటులో ఎక్కువ భాగం తప్పులు దిద్దుకోవడానికి. ఆడియో సీడీలో ఆ అదనపు కాపలా లేదు. అందుకే సీడీపారనోయా ఒకే చోటుని ఒకదాని మీద ఒకటి పడేలా చదివి, అతుకులు కలిశాయో లేదో చూసుకుంటుంది. పేరుకు తగ్గ అనుమానపు పక్షి. చదువుతున్నంతసేపూ తెర మీద ఓ నవ్వు ముఖం గీస్తుంది. కష్టం పెరిగేకొద్దీ ఆ ముఖం కవళికలు మారతాయి. వరసలో వీ అక్షరం పడితే మాత్రం అక్కడ దిద్దలేని తప్పు మిగిలిందని అర్థం.

దాని మీద నాలుగు రకాల వాహనాలున్నాయి. కిటికీ, బటన్లు కావాలంటే ఆసండర్ లేదా సౌండ్ జ్యూసర్. సౌండ్ జ్యూసర్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఆసండర్‌లో అడిగిందే చేసే పొదుపుతనం ఉంది. టెర్మినల్ అలవాటై, డిస్కులు వరసగా మింగించాలంటే ఏబీసీడీఈ. ఒకసారి సెట్టింగ్ ఫైలు రాసుకుంటే డిస్క్ పెట్టడం, ఎంటర్ కొట్టడం, తీయడం, అంతే. నాలుగోది విప్పర్, చాదస్తపు రకం. మీ డ్రైవ్ ఎన్ని నమూనాలు అటూ ఇటూగా చదువుతుందో ముందు లెక్క అడుగుతుంది, ప్రతి ట్రాక్‌నీ రెండుసార్లు చదివి పోలుస్తుంది. ఆ పైన యాక్యురేట్‌రిప్ డేటాబేస్‌లో అదే సీడీని చదివిన ఇతరుల ఫలితంతో సరిచూస్తుంది.

వినగానే విప్పరే వాడాలనిపిస్తుంది. షాపులో కొన్న ఒరిజినల్ సీడీలు, అందులోనూ మళ్లీ దొరకనివి ఉంటే అదే వాడండి. ఇంట్లోనో స్టూడియోలోనో కొట్టిన సీడీకి మాత్రం దాని గొప్పతనంలో సగం ఎందుకూ కొరగాదు. మావయ్య పద్యాల సీడీని ప్రపంచంలో ఇంకెవరు చదివి ఉంటారు? పోల్చడానికి ఏమీ ఉండదు. సీడీల వివరాలుండే మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే డేటాబేస్‌లో పేర్లూ దొరకవు, అన్‌నోన్ అనే ఆప్షన్ ఇస్తే తప్ప ముందుకే కదలదు. రెండుసార్లు చదివి పోల్చడం ఒక్కటే మిగిలే లాభం. అందుకని ఇంటి సీడీలకి ఆసండర్ పెట్టాను. పద్యాల పేర్లు మావయ్య చెబుతుంటే మనవడు టైప్ చేశాడు. రాగాలు కూడా చెప్పారు, అవీ పేర్ల పక్కనే చేర్చాం. ఏ డేటాబేస్ ఇస్తుంది ఆ వివరం!

పాటల పేర్లు వెతికేచోట ఆసండర్ పాత వెర్షన్ ఆగిపోతే కంగారు పడకండి. ఆ పేర్లిచ్చే ఫ్రీడీబీ అనే సర్వర్ 2020లో మూతపడింది. సెట్టింగుల్లో దాని బదులు గ్నూడీబీ చిరునామా పెట్టుకోండి, లేదా వెతకడమే ఆపేయండి.

గీతలు, మరకలు

చదవడం ఒక ట్రాక్ దగ్గర గంటసేపు ఆగిపోతే ముందు వేగం తగ్గించి చూడండి. సీడీపారనోయాకి పెద్ద ఎస్ అక్షరం ఆప్షన్‌తో వేగం చెప్పవచ్చు, నాలుగో ఎనిమిదో ఇవ్వండి. తర్వాత డిస్క్ తుడవండి. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి బయటి అంచుకి తిన్నగా, గుండ్రంగా కాదు. చుట్టూ పడే గీత పాట వెంబడే పోతుంది, దాన్ని దిద్దుకోవడం డ్రైవ్‌కి కష్టం. గోదావరి జిల్లాల తేమకి ఏసీ గది డ్రైవ్‌ని వరండాలోకి తెచ్చి వెంటనే ఆడించినా లెన్స్ మీద చెమ్మ పట్టి మొరాయిస్తుంది, అరగంట ఆగండి. అద్దంలా మెరిసే వైపుని అందరూ జాగ్రత్తగా చూస్తారు గానీ, సీడీలో అసలు పొర ఉండేది పేరు రాసే వైపు లక్క కిందే. అటు బాల్‌పెన్నుతో గట్టిగా రాసినా, అంటించిన కాగితం పీకినా కోలుకోదు. కింది వైపు గీత అంతకన్నా నయం.

పాడైన డిస్కుల నుంచి డేటా లాగే డీడీరెస్క్యూ గురించి విన్నవాళ్లు దాన్ని ఆడియో సీడీ మీద కూడా ప్రయోగిస్తారు. మొదటి ముక్క నుంచీ ఎర్రర్లే వస్తాయి. సీడీ నిజంగా పోయిందనుకుంటారు. డీడీరెస్క్యూ ఫైళ్లున్న డేటా డిస్కులకి మాత్రమే. ఎంపీ3 సీడీ, ఫోటోల సీడీ చదవకపోతే దాన్ని మించింది లేదు. ముక్క పరిమాణం 2,048 అని చెప్పి, ఏ ముక్కలు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు పెట్టుకుంటే, మధ్యలో కరెంటు పోయినా ఆగినచోట నుంచి మొదలెడుతుంది. ఒక డ్రైవ్‌లో మొదలెట్టి మిగిలిన ముక్కలు ఇంకో డ్రైవ్‌లో చదివించవచ్చు కూడా.

పెళ్లి వీసీడీలు

వీసీడీ తెరిస్తే ఫోల్డర్లు కనబడతాయి కాబట్టి మామూలు డేటా డిస్క్ అనిపిస్తుంది. ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్లో ఏవీసీక్01 డాట్ డ్యాట్ అనే పెద్ద ఫైలు. దాన్ని కాపీ చేయబోతే ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్. డిస్క్ తుడుస్తారు, మళ్లీ ఎర్రర్. డ్రైవ్ మారుస్తారు, మళ్లీ అదే. తప్పు డిస్క్‌ది కాదు. వీసీడీలో వీడియో ముక్కలు 2,324 బైట్లవి. ఎక్కువ సినిమా పట్టాలని డేటాకి ఉండే అదనపు దిద్దుబాటు చోటుని కూడా వాడేశారు. లైనక్స్ మామూలు కాపీ 2,048 బైట్ల లెక్కనే అడుగుతుంది, పొంతన కుదరదు. అదే డిస్క్ వీఎల్‌సీలో వీసీడీ అని ఎంచుకుని ఆడిస్తే పెళ్లికూతురు పల్లకి దిగుతూ కనబడుతుంది.

దాచుకోవాలంటే వీసీడీఇమేజర్ ప్యాకేజీ వేసుకుని, అందులోని వీసీడీఎక్స్‌రిప్‌కి డ్రైవ్ పేరు చెప్పండి. మామూలు ఎంపెగ్ ఫైలు చేతికొస్తుంది. దాన్ని అలాగే ఉంచండి. ఎంపీ4లోకి మారిస్తే బొమ్మ మెరుగుపడదు, ఇంకాస్త మసకబారుతుంది.

టౌన్లో స్టూడియోకి ఇచ్చేస్తే పోలేదా అంటే, టైమ్ లేనివాళ్లకి అదే మేలు. ఒక షరతు: పెన్‌డ్రైవ్‌లో అసలు ఎంపెగ్ ఫైలే ఇమ్మని, ఆడియో అయితే వేవ్ లేదా ఫ్లాక్ ఇమ్మని ముందే చెప్పండి. చెప్పకపోతే చిన్న సైజు చేసి ఇస్తారు. నాకు ఒకచోట గంటన్నర పెళ్లి మొత్తం ఫోన్‌లో పంపే సైజులో చేతిలో పెట్టారు.

ఫ్లాక్, ఎంపీ3

సీడీ శబ్దం నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు. గంట సీడీ 600 దాటుతుంది. ఫ్లాక్‌లో చుక్క నష్టం లేకుండా అది రమారమి సగానికి వస్తుంది, ఒక్క గొంతూ హార్మోనియం మాత్రమే ఉంటే ఇంకా తగ్గుతుంది. 192 కిలోబిట్ల ఎంపీ3 అయితే నిమిషానికి ఒకటిన్నర మెగాబైట్ల లోపే. ఇంట్లో దాచడానికి ఫ్లాక్, కారుకీ ఫోన్‌కీ దాన్నుంచి తీసిన ఎంపీ3. చాలా కారు స్టీరియోలకి ఫ్లాక్ అంటే తెలియదు, అక్కడ వాదించి లాభం లేదు. ఎంపీ3 సీడీలో ఉన్నవాటిని ఫ్లాక్‌లోకి మార్చడం మాత్రం పిండిన చెరుకుని మళ్లీ గానుగలో పెట్టడమే.

పదకొండిట్లో తొమ్మిది ఆ ఆదివారమే వచ్చేశాయి. పదోది నా పాత ల్యాప్‌టాప్ డ్రైవ్‌లో వచ్చింది, మూడో ట్రాక్ దగ్గర రెండు చోట్ల వీ పడింది, వింటే చిన్న టిక్ మనే చప్పుడు. పదకొండోది మావయ్య పేరు చీటీ అంటించి పీకింది, పొర లేచిపోయింది. ఆయన అదేం పట్టించుకోలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగో పద్యం మూడుసార్లు విని, "ఇక్కడ హార్మోనియం అరశృతి కింద పట్టాడ్రా, అప్పుడే చెప్పాను వాడికి" అన్నారు.